సాయిలు పేరున బియ్యం

మా ఆయన కథలు రాస్తాడని పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా నాయిన ఇంకో సంబంధం చూసేవాడేమో. కచేరీలో ఉర్దూ గుమాస్తా అన్నారు, నెల తిరిగేసరికి జీతం అన్నారు, నోట్లో నాలుక లేనివాడన్నారు. అన్నీ నిజమే. తెల్లవారుజామున కోడికంటే ముందు లేచి, గొడ్ల కొట్టంలో దీపం పెట్టుకుని, మోకాలి మీద పలక ఆనించుకుని, లేని మనుషులతో మాట్లాడుకుంటాడన్న సంగతి మాత్రం దాచారు.

రాయడానికి ఆయనకు దొరికేది ఆ కాస్త పొద్దే. పొద్దెక్కితే కచేరీ. అక్కడ జనం తెలుగులో మొత్తుకుంటే ఈయన ఉర్దూలోకి దించాలి. ఇంటికొస్తే ఇద్దరు పిల్లలు, ఒక బర్రె, వాళ్ళందరి ఫిర్యాదులూ మోసుకొచ్చే నేను. రామన్నపేటలో మేము కిరాయికి ఉన్నది రెండు గదుల ఇల్లు. ఊళ్ళో మా ఇంటిని రజాకార్లు తగలబెట్టినాక మా అత్త రామమ్మ, తోడికోడలు సోమమ్మ కూడా అక్కడికే వచ్చారు. ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అంటారు చూడండి, ఆ రెండూ మా రఘుపతిగారికి ఒక్కచోటే దొరికాయి.

రోజంతా కుడినుంచి ఎడమకు రాసి రాసి ఆయన తెలుగు అక్షరాలు వెనక్కి వాలిపోయేవి. హైదరాబాదులో పత్రికవాళ్ళు చదవలేరని నేనే మళ్ళీ శుభ్రంగా రాసి పెట్టేదాన్ని. నాకు అక్షరాలు మా మేనమామ పెట్టిన భిక్ష. ఆయన గ్రంథాలయంలో పుస్తకాలు సర్దేవాడు. చంటిదాని ఉయ్యాల తాడు కాలివేలికి కట్టుకుని, మధ్యాహ్నం పూట కూచుని రాసేదాన్ని. పంపిన కథలు పోయినంత భద్రంగా తిరిగొచ్చేవి. "ఎందుకీ యాతన, ఆ గంటసేపు పండుకోరాదు?" అని తిట్టేదాన్ని. తిడుతూనే తరువాతి కథ ముందేసుకునేదాన్ని. అచ్చులో ఆయన పేరు చూడాలని ఆయనకెంత ఉండేదో నాకూ అంతే ఉండేది. ఒప్పుకోవడానికి సిగ్గు.

సాయిలు మా ఆయన తమ్ముడు, సోమమ్మ మొగుడు. రజాకార్ల జోరు హెచ్చిన ఏడు కమ్యూనిస్టుల సంఘంలో చేరి దళంతో వెళ్ళిపోయాడు. పోలీసు యాక్షను అయింది. నిజాం లొంగిపోయాడు, రజాకార్లు చెల్లాచెదరయ్యారు, ఇక వస్తాడనుకున్నాం. అట్లా పోయినవాళ్ళలో కొందరు వచ్చారు. కానీ సంఘం తుపాకులు దించలేదు, యూనియన్ మిలిటరీ దాని వెంట పడింది. అడవిపట్టినవాళ్ళలో సాయిలు ఉన్నాడో, ఏ మట్టిలోనైనా కలిశాడో చెప్పే దిక్కు లేకపోయింది. బతుకుదెరువుకు బొంబాయి పోయాడని కచేరీలోనూ వాడలోనూ చెప్పుకున్నాం. ఎదురింట్లో ఉండేది కచేరీ బంట్రోతు దుర్గయ్య. అక్కడొకటి, ఇక్కడొకటి చెప్పడానికి లేదు.

యాక్షను అయిన కొద్దిరోజులకే పెత్రమాస వచ్చింది. భాద్రపద అమావాస్యనాడు మా వైపు పోయినవాళ్ళ పేరుపేరునా పురోహితం చేసే అయ్యగారికి బియ్యం ఇస్తాం. చాటలో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, కూరగాయలు పెట్టి, ఎవరి పేరున ఇస్తున్నామో పైకి చెప్పాలి. పేరు చెప్పినవాళ్ళకే ఆ తిండి చేరుతుందనీ, చెప్పనివాళ్ళు మళ్ళీ ఏడాదిదాకా ఆకలితో తిరుగుతారనీ మా అత్త నమ్మకం. ఆ ఏడు మామ పేరు చెప్పింది, తన అత్తమామల పేర్లు చెప్పింది. సాయిలు దగ్గర ఆగిపోయింది. వాడు పోయి ఉంటే, పేరు చెప్పకపోవడం బిడ్డను పస్తు పెట్టడం. వాడు ఉండి ఉంటే, పేరు చెప్పడం కన్నతల్లే చేతులారా చంపుకోవడం, పక్కన నిలబడ్డ సోమమ్మ గాజులు తనే పగలగొట్టడం. అడకత్తెరలో పోకచెక్క అయింది ముసలామె. చాట మీద చెయ్యి ఉంచి చాలాసేపు నిలబడి, "ఉన్నడు" అని చెయ్యి తీసేసింది.

మరుసటి ఏడు శ్రావణంలో మిలిటరీ జీపు కచేరీ ముందు ఆగింది. పంచనామా రాయడానికి ఉర్దూ బాగా వచ్చినవాడు కావాలట. పెద్ద గుమాస్తాకు జ్వరం, మా ఆయనను ఎక్కించుకుని నార్కట్‌పల్లి దాటి ఎటో తీసుకుపోయారు. సాయంత్రానికి వచ్చాడు. అన్నం ముందు కూచుని కలపకుండానే లేచాడు. మరునాటి తెల్లవారుజామున కొట్టంలో దీపం వెలగలేదు. ఆ తరువాతా వెలగలేదు. ఆయన రాయడం మానేస్తే నాకు పండగ కావాలి. కానీ లేని మనుషులతో మాట్లాడే మనిషి ఉన్నవాళ్ళతో కూడా మాట్లాడటం మానేస్తే ఇంట్లో భయం పుడుతుంది.

సెలవునాడు నేను వాగుకు బట్టలుతకడానికి బయలుదేరితే మూట తానే ఎత్తుకున్నాడు. మగవాడు బట్టల మూట మోసుకుపోతుంటే వాడంతా నవ్వింది. నేను మొదటి చీర బండమీద వేసేలోగానే, నీళ్ళవైపు చూస్తూ చెప్పాడు.

"నలుగురిని కాల్చి వరుసగ పండవెట్టిండ్రు. గడ్డాలు పెరిగి ఉన్నయి. నేను మొకాలు సూడలే. కాళ్ళ దిక్కు కూసుండి రాస్తున్న. మూడోవాని కాళ్ళు మా అమ్మ కాళ్ళు."

మా అత్తకు బొటనవేలి పక్కవేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంటుంది. ఆమె కొడుకుల్లో సాయిలు ఒక్కడికే ఆ వేళ్ళు వచ్చాయి.

"అప్పుడు మొకం సూసిన" అన్నాడు.

"ఏం రాసినవ్?" అన్నాను. ముందుగా అదే ఎందుకు అడిగానో నాకు తెలియదు. రాసేవాడితో కాపురం చేస్తే అట్లాగే తయారవుతామేమో.

"అఫ్సరు సెప్పింది రాసిన. గుర్తు తెల్వని మనుషులు నలుగురు అని. వీళ్ళల్ల ఎవరన్న ఎరికేనా నీకు అని అడిగిండు. తెల్వదన్న."

ఎరుకే అని ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. నౌకరీ పోవడం ఒక్కటే కాదు. ఆ రోజుల్లో సంఘంవాళ్ళ అన్నదమ్ములను పట్టుకుపోయి క్యాంపుల్లో పెడుతున్నారు, పోయినవాడు ఎప్పుడొస్తాడో చెప్పేవాడు లేడు. ఇంట్లో మగదిక్కు ఈయన ఒక్కడే.

"అమ్మకు సెప్పాలె" అన్నాడు.

వద్దన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఆమె శోకం పెడితే వాడ వింటుంది, వాడ వింటే దుర్గయ్య వింటాడు, దుర్గయ్య వింటే కచేరీ విన్నట్టే. నాకు ఇద్దరు పిల్లలున్నారు, ఇప్పుడు అడిగినా ఆ రోజు అదే మాట అనేదాన్నని చెబుతాను. ఆయన చాలాసేపు ఏడ్చాడు. నేను చప్పుడు బయటికి వినబడకుండా బట్టలు గట్టిగా బాదుతూ కూచున్నాను.

తరువాత కొన్నాళ్ళకు కొట్టంలో మళ్ళీ దీపం వెలిగింది. పోనీలే, మనిషి తేరుకుంటున్నాడనుకున్నాను. మా అత్త ఆ వేళకు పేడ తీయడానికి లేస్తుంది. నేను పాలచెంబు పట్టుకుని ఆమె వెనకాలే ఉన్నాను.

"ఏం రాస్తున్నవ్ రా?" అంది.

అంతకుముందు ఎన్నడూ అడగలేదు. కచేరీ పని ఇంటికి తెచ్చుకుంటాడని ఆమె అనుకునేది. మా ఆయన తల ఎత్తలేదు. ఆమె పాదాల వైపే చూస్తున్నాడు.

"సాయిలు గురించి" అన్నాడు.

ఆమె పేడతట్ట కింద పెట్టేసింది. "కచేరిల తెల్సిందా? ఉన్నడా?"

మా అత్తకు కాగితమంటే కచేరీదే. ఆమె బతుకులో చూసిన కాగితాలు శిస్తు రసీదులు, వారంట్లు, జప్తు నోటీసులు. లేనిపోని కథలు నోటితో చెబుతారు, ఒగ్గువాళ్ళు డోలు కొట్టి చెబుతారు. కానీ మనిషి పనిగట్టుకుని కూచుని, జరగనిదాన్ని సిరాతో కాగితం మీద పెడతాడని ఆమెకు ఎవరు చెప్పారు? రాసి ఉన్నదంటే ఎక్కడో అఫ్సరుకు తెలిసిందన్నమాట. మా ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెబుతారు.

మా ఆయన కాదనాలి. కాదనడానికి నోరు తెరిచాడు కూడా. ఆమె ముఖం చూశాడు.

"ఉన్నడమ్మా" అన్నాడు.

"సదువు మరి."

చదివాడు. అందులో సాయిలు పాలమూరు జిల్లా అడవుల్లో, కొల్లాపూర్ దిక్కు ఉన్నాడు. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టిలో కృష్ణ దాటాడు. పుట్టి నడిమేటిలో గిరగిర తిరుగుతుంటే కళ్ళు మూసుకుని అమ్మను తలుచుకున్నాడు. అవతలి ఒడ్డున గొర్లకాపరి ఒకడు వానకు తడవకుండా తన గొంగడి సగం కప్పాడు. అంతే, రెండు పేజీలు. మా అత్త వింటూ వింటూ బర్రె పక్కనే నేలమీద కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. పోయి సోమమ్మను లేపింది. "ఉన్నడే పిల్లా! రగుపతి కాడ కాయితం ఉన్నది!"

ఆ పొద్దున సోమమ్మ వాకిట్లో వేసిన ముగ్గు వాకిలి దాటి వీధిలోకి పోయింది.

"రేపు గూడ తెలుస్తదా?" అని అడిగింది మా అత్త. మా ఆయన తెలుస్తుందన్నాడు. ఏం చేస్తాడు, కక్కలేక మింగలేక.

అట్లా మొదలైంది. కచేరీ కాగితం సంగతి గడప దాటితే మా ఆయన నౌకరీ పోతుందని అత్తకూ పిల్లలకూ నేనే చెప్పిపెట్టాను. రోజూ పాలు పిండే వేళకు సాయిలు ఎక్కడున్నాడో, ఏ గుట్టమీద పడుకున్నాడో తెలియాలి. మా ఆయన కచేరీకి పోతూ దారిలో అల్లుకునేవాడు, కచేరీలో నకళ్ళ మధ్య అల్లుకునేవాడు. ఒకసారి ఎవరి భూమి దావాలోనో కృష్ణానది రాశాడట, పెద్దసారు కాగితం ముఖాన కొట్టాడు. అక్కడ చచ్చినవాళ్ళ పంచనామాలకు నకళ్ళు, ఇక్కడ చచ్చినవాణ్ణి బతికించడం. మనిషి చిక్కిపోయాడు. పిల్లవాడు ఒడిలోకి వస్తే ఎవరీ పిల్లవాడన్నట్టు చూసేవాడు.

కానీ ఏం రాసేవాడనుకున్నారు! ఆయన కచేరీకి పోయాక ఆ కాగితాలు తీసి చదువుకునేదాన్ని. అంతకుముందు ఆయన కథల్లో మనుషులు నిలబడి మాట్లాడేవాళ్ళు. వీటిలో నడిచేవాళ్ళు. ఎండకు బండలు కాలిన వాసన వచ్చేది. పత్రికకు పంపితే ఈసారి తిరిగిరాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. పంపుదామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. ఇన్నేళ్ళు దేనికోసం నిద్ర చెడగొట్టుకున్నాడో అది చేతికొచ్చింది, చేతికొచ్చిన దారి తలుచుకుని కాగితాలు ఎక్కడివక్కడే పెట్టేసేదాన్ని.

పిల్లలు "చిన్నబాపు ఇయ్యాల ఏడున్నడు?" అనే ఆట ఒకటి కనిపెట్టారు. ఒకడు దాక్కోవాలి, ఇంకొకరు కొల్లాపూర్ పోవాలి. మా అత్త సాయిలు పడుకునే చాపను దులిపి ఎండకు వేసింది. సోమమ్మ తలకు నూనె పెట్టుకుని జడ వేసుకోసాగింది. నేను అన్నీ చూస్తూ తిరిగాను. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆరబోసిన జొన్నలు ఎత్తుతూ, కొల్లాపూర్ దిక్కు కూడా వాన పడుతుందో ఏమో, సాయిలు దగ్గర గొంగడి ఉన్నదో లేదో అనుకున్నాను. అనుకున్న మరుక్షణం చేతిలోని చాట జారిపోయింది. వాడికి ఇక ఏ గొంగడీ అక్కర్లేదని తెలిసినదాన్ని నేనే కదా. ఆ రోజునుంచి ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే భయం వేసేది. దయ్యాలు చీకట్లో తిరుగుతాయంటారు. మా ఇంటి దయ్యం పాలు పిండే వేళకు వచ్చేది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూచుని తరువాతేమైందని అడిగేవాళ్ళు.

భాద్రపదం వచ్చింది. పెత్రమాస ఇంకా నాలుగైదు రోజులుందనగా సోమమ్మ తండ్రి కాటమయ్య వచ్చాడు. అరుగుమీద కూచుని చుట్ట వెలిగించుకోకుండా వేళ్ళమధ్య తిప్పుతూ అడిగాడు.

"ఒదినె, రెండేండ్లు ఆగిన. అల్లుడు ఉన్నడా, లేడా? ఏదో ఒకటి సెప్పుండ్రి. లేకుంటే పిల్లను తీస్కపోత. దానికింక ఇరవై నిండలె. మనల మారుమనువు తప్పుగాదు."

"ఎందుకు లేడు? ఉన్నడు" అంది మా అత్త. "కచేరి కాయితం ఉన్నది. కావాల్నంటే రగుపతిని అడుగు."

మా ఆయన కచేరీకి బయలుదేరుతున్నాడు. చెప్పులు వేసుకోవడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఉన్నడు మామా" అన్నాడు నేలవైపు చూస్తూ.

ముసలాయన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీద, అత్త మీద, చచ్చికూడా ఇంట్లో తిరుగుతున్న ఆ సాయిలు మీద.

ఆ సాయంత్రం ఇసుర్రాయి దగ్గర జొన్నలు పోస్తుంటే సోమమ్మ తిప్పడం ఆపింది.

"అక్కా, బావకు ఒక మాట సెప్తవా?"

"ఏందే?"

"ఆయన అందర్ని యాది జేస్తడు. అత్తను యాది జేస్తడు, ఎడ్లను యాది జేస్తడు. నీ శేతి పచ్చిపులుసు గూడ యాది జేసిండు. నన్ను ఒక్కనాడు గూడ అడగలే." గాజులు వెనక్కి తోసుకుంది. "కోపమున్నట్టుంది. పోయేనాడు నేను మాట్లాడలే. జర కాయితంల సరిగ సూడమను బావను. ఏడనో ఒక్కకాడ అడిగే ఉంటడు."

నేను సరేనన్నాను. తిరగలి చప్పుడు మళ్ళీ మొదలయ్యేదాకా తల ఎత్తలేదు.

మా ఆయనకు చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మతోని మాట్లాడిపియ్యగల్గిన. వాడు పెండ్లంతోని ఏం మాట్లాడుతడో నేనెట్ల రాయాలె? గది దొంగతనమైతది."

"మరి ఆ పిల్ల వయసు దొంగిలించుడు?" అన్నాను. "వద్దన్నదాన్ని నేనే. ఇప్పుడు సెప్పమనేదాన్నీ నేనే. ఇంక నావల్ల గాదు. నౌకరి పోతే పోనీ, కూలికి పోదాం. ఇట్ల సచ్చినోణ్ని ముందలేసుకుని పాలు పిండుడు నావల్ల గాదు."

చెబుతానన్నాడు. రేపన్నాడు. మరునాడు తెల్లవారుజామున చూస్తే మళ్ళీ చదువుతున్నాడు. అట్లా పెత్రమాస రానే వచ్చింది.

ఆ పొద్దున ఇల్లు అలికి, అందరం తలలు కడుక్కున్నాం. తంగేడు పూలకు పోయే ఆడపిల్లలు వీధిలో అప్పుడే కేకలు వేసుకుంటున్నారు, సాయంత్రం నుంచే బతుకమ్మ. మా అత్త తడి వెంట్రుకలు ముడేసుకుని కొట్టంలో తన చోట కూచుంది. సోమమ్మ ఎప్పటిలాగే దర్వాజా పక్కన నిలబడింది. మా ఆయన కాగితం తీశాడు.

ఆ రోజు సాయిలు తన వంతు జొన్నగటక జ్వరం వచ్చినవాడికి పెట్టి, తాను నీళ్ళు తాగి పడుకున్నాడు. దారిలో ఒక ముసలామె కట్టెలమోపు మోసిపెట్టాడు. ఆమె దీవిస్తే, మా అమ్మకూ నీ అంత ఈడుంటుందని...

"ఆపు" అంది మా అత్త.

ఆయన ఆపాడు.

"వాడెవడు రా?"

"సాయిలేనమ్మా."

"గాదు." ఆమె గొంతు పెంచలేదు. "గిన్ని దినాలు ఇన్న. వానికి కోపం రాదు. ఎవ్వలనూ తిట్టడు. పక్కోని పల్లెంలకు సెయ్యి పెట్టడు. నా కొడుకు గట్లుంటడా? నా కొడుకు మొండోడు. అడిగింది ఇయ్యకుంటే కుండలు పలగ్గొట్టెటోడు. పొయ్యేనాడు నేను కట్టిచ్చిన సద్ది నా ముంగటనే ఇసిరి కొట్టి పోయిండు. నీ కాయితంల వానికి ఒక్క ఐబు లేదు."

దూడ తాడు గుంజుకుంటోంది.

"బతికున్నోని ముచ్చట సెప్తాంటే నడుమ ఒక్క తిట్టన్న వడ్తది బిడ్డా. గిట్ల అన్ని మంచియే తీసి తీసి ఎవల గురించి సెప్తరో నాకు తెల్వదా? శవం ముంగట కూసుండి నేనెంతమందికి ఏడ్వలే! గిన్నొద్దుల సంది నువ్వు సదువుతాంటే నాకు గదే ఇనవడ్తాంది. కాయితం గద, అబద్దముంటదా అని మనసుకు సెప్పుకున్న. ఇంక సెప్పుకోలేను." ఆమె చెయ్యి చాపి ఆయన గడ్డం పట్టుకుంది. "ఎప్పుడు పోయిండు?"

మా ఆయన ఆమె పాదాల మీద తల పెట్టి వాటిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "శ్రావణంల" అన్నది నేను.

కాగితం పేడనీళ్ళలో పడింది, ఎవరూ తీయలేదు. మా అత్త ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కొడుకు వీపు నిమురుతూ సోమమ్మ వైపు చూసింది. సోమమ్మ దర్వాజా పట్టుకుని నేలమీదికి జారుతోంది. నేను పోయి పట్టుకున్నాను.

"బియ్యం చెరుగుండ్రి" అంది మా అత్త చివరికి. "ఒక ఏడంత పస్తున్నట్టే వాడు. అయ్యగారు అచ్చే యాళ్ళయింది."

ఆమె లెక్కలో కొడుకు పోయిన ఏడే పోయాడేమో, శ్రావణం అన్న మాట చెవికి ఎక్కలేదేమో. నేను సరిదిద్దలేదు.

అయ్యగారు వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. వాకిట్లో పీట వేశాం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తమ చాటలతో నిలబడి ఉన్నారు, మా తరువాత వాళ్ళవి. ఎదురుగా అరుగుమీద దుర్గయ్య వేపపుల్ల నములుతున్నాడు. మా ఆయన పీట ముందు కూచుని దోసిట్లో నీళ్ళు పట్టుకున్నాడు. అయ్యగారు అడిగితే మా మామ పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు, నాయనమ్మ పేరు చెప్పాడు. చాటలు ఒకటొకటే అయ్యగారి గుడ్డలోకి ఒంపాం.

ఇంకొక చాట మిగిలింది. అందులో పిడికెడు బియ్యమే ఉన్నాయి. తొందరలో నేను పోసినవి.

"గిదెవరి పేరున?" అన్నాడు అయ్యగారు.

మా ఆయన దుర్గయ్యను చూశాడు. తరువాత నన్ను చూశాడు. నాకు లోపల పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినబడుతోంది. మెల్లగా చెబితే చాలు, అయ్యగారి చెవిలో వేస్తే చాలు అనిపించింది. అనిపించిందని దాచను. కానీ తల ఊపాను.

"నా తమ్ముడు" అన్నాడు. "సాయిలు."

అయ్యగారు తడబడ్డాడు. "బొంబాయిల ఉన్నడంటిరి గద?"

"లేడు. ఎన్నడు బొంబాయి పోలే. సంఘంల ఉండె. శ్రావణంల మిలిటరోళ్ళు కాల్చిండ్రు, నార్కట్‌పల్లి అవతల వాగు కాడ. నలుగుర్ల మూడోడు నా తమ్ముడు." పుట్టి బుద్ధెరిగాక గొంతెత్తి మాట్లాడని మనిషి, వీధి చివరిదాకా వినబడేట్టు చెబుతున్నాడు. "పంచనామా రాసింది నేనే."

దుర్గయ్య నోట్లో వేపపుల్ల కదలడం మానేసింది. కాసేపటికి లేచి, కండువా భుజాన వేసుకుని, మావైపు చూడకుండా కచేరీ దిక్కు నడిచాడు. ఈయన వెళ్ళేలోగా సంగతి అక్కడికి వెళుతుంది. వెళ్ళనీ అనుకున్నాను.

"అక్కడ్నే ఉన్నవా బావా?"

సోమమ్మ ఎప్పుడు బయటికి వచ్చిందో ఎవరూ చూడలేదు. జడ ఊడిపోయి ఉంది. చేతులకు గాజులు ఇంకా ఉన్నాయి.

మా ఆయన తల ఊపాడు.

"ఉండి, పేరు సెప్పలేదా?"

"సెప్పలే."

ఆమె ఆయన వైపు చూస్తూ నిలబడింది. దోసిట్లో నీళ్ళు వేళ్ళసందుల్లోంచి కారిపోతున్నా ఆయన చేతులు దించలేదు. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే నేను అడ్డం పోయేదాన్ని కాదు. ఆమె విసురుగా పీట దగ్గరికి వచ్చి, చాటలోని బియ్యం చూసి, నా పక్కనున్న బియ్యం గంపలోకి రెండు చేతులూ దోపింది. ఒక దోసెడు తెచ్చి పోసింది. మళ్ళీ పోసింది. గింజలు చాట అంచు దాటి నేలమీద రాలుతున్నా ఆగలేదు.

"గా పిడికెడు ఏం సాల్తయ్ ఆయనకు?" ఏడుపూ కోపమూ కలిసిపోయిన గొంతుతో అరిచింది. "తిండిపోతు ఆయన! మీకెవ్వలకు ఎరికలేదా? సగం కడుపుకు పెడ్తే లేశి పోతడు, నన్ను తిట్టుకుంటనే పోతడు. పొయ్యుండ్రి ఇంక!"

మా అత్త అప్పుడు ఏడ్చింది. అయ్యగారు చాట కింద రెండో చెయ్యి కూడా పెట్టాడు.